ఫిడేలు కమాను కింద కదిలే బొమ్మ

విశాఖలో సంగీతాన్నీ వీడియోనీ కలిపి వేదిక మీద చేసే ప్రదర్శన అనగానే చాలామంది కళ్ల ముందు కదిలేది ఎల్‌ఈడీ తెర. ముందు గాయకుడు, వెనక పెద్ద తెర, దాని మీద పాట ఊపుకి ఎగిరిపడే రంగుల గీతలు. కాలేజీ ఫెస్టుల నుంచి బీచ్ రోడ్డు మీద జరిగే ఉత్సవాల దాకా ఇదే వరస. పాట హోరెత్తితే గీతలు ఎగురుతాయి, ఆగితే ఆగుతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే ఆ తెర తీసేస్తే పాటలో ఏమైనా లోటు కనిపిస్తుందా? దాదాపు ఎప్పుడూ కనిపించదు. పాట తీసేసి తెర ఒక్కటే చూపిస్తే ఎవరూ రెండు నిమిషాలు కూడా కూర్చోరు. అంటే అక్కడ రెండు కళలు పక్కపక్కన నిలబడ్డాయి, అంతే. ఒకదానికొకటి అవసరం పడలేదు.

శబ్దం, సంగీతం, అప్పటికప్పుడు పుట్టే వీడియో ఒకదాన్నొకటి వదిలి ఉండలేని స్థితికి రావాలంటే ఏం జరగాలి? ఈ ప్రశ్న పట్టుకుని దశాబ్దాల పాటు పనిచేసిన కళాకారిణి స్టైనా వసుల్కా. ఆమె చేసిన పనిని విశాఖ నుంచి చూడ్డానికి గట్టి కారణమే ఉంది. ఆమె చేతిలో ఉన్నది ఫిడేలు. ఉత్తరాంధ్రకి ఫిడేలుతో ఉన్న అనుబంధం గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

స్టైనా 1940లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో పుట్టారు. పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నారు. పై చదువుకి ప్రాగ్ వెళ్లినప్పుడు వుడీ వసుల్కాతో పరిచయమైంది, పెళ్లయింది. 1965లో ఇద్దరూ న్యూయార్క్ చేరారు. చేత్తో పట్టుకుని తిరగగలిగే వీడియో కెమెరాలు ఆ కొద్ది కాలంలోనే బజార్లోకి వచ్చాయి. 1971లో ఒక పాత హోటల్ వంటగదిలో ఈ దంపతులు ప్రదర్శనశాల తెరిచారు. వంటగది కాబట్టి దానికి ‘ది కిచెన్’ అనే పేరే పెట్టారు. వీడియో వాళ్లు, సంగీతం వాళ్లు, నాట్యం వాళ్లు అక్కడ ఒకే గదిలో పనిచేశారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

1970 నుంచి 1978 దాకా స్టైనా చేసిన ‘వయొలిన్ పవర్’ అనే వీడియో ఈ చర్చకి ఆధారం. అందులో ఆమె మొదట మామూలుగా వయొలిన్ వాయిస్తూ కనిపిస్తారు. పోనుపోను ఆ వాద్యం శబ్దమే ఆమె బొమ్మని కదిలించడం మొదలుపెడుతుంది. కమాను తీగ మీద సాగుతుంటే ఆమె ముఖం, భుజం, కమాను అన్నీ అలలు అలలుగా వంగిపోతాయి. కమాను ఎత్తితే బొమ్మ సర్దుకుంటుంది. ఇందులో ఎడిటింగ్ మాయ లేదు. శబ్దం బొమ్మలోకి నేరుగా చొరబడింది.

అది ఎలా సాధ్యమైందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ కళ గుట్టంతా అక్కడే ఉంది. పాత గాజు టీవీలో ఒక ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తూ కిందికి దిగుతుంది. అమెరికా పద్ధతిలో ఫ్రేముకి 525 గీతలు, మన దేశపు పద్ధతిలో 625. ఆ పుంజాన్ని అటూ ఇటూ తిప్పేది తీగచుట్టల్లో పారే కరెంటు. మైకులోంచి వచ్చే శబ్దం కూడా కరెంటే. తేడా వేగంలో ఉంది. మన చెవికి వినపడేది సెకనుకి 20 నుంచి 20,000 కంపనాల దాకా అయితే, వీడియో సిగ్నల్ సెకనుకి లక్షల సార్లు మారుతుంది. కానీ జాతి ఒకటే. కాబట్టి వయొలిన్ మైకులోంచి వచ్చే కరెంటుని పెంచి పుంజాన్ని తిప్పే చోట కలిపితే, గీతలు శబ్దానికి తగ్గట్టు వంగుతాయి. మధ్యలో కంప్యూటర్ లేదు, లెక్కలు కట్టే యంత్రం లేదు. తీగ కంపనమే బొమ్మ కంపనం.

దీన్లో సంగీతం తెలిసినవాళ్లకి వెంటనే తట్టే విశేషం ఒకటుంది. మన టీవీ పుంజం సెకనుకి 50 సార్లు పైనుంచి కిందికి దిగుతుంది. వాయించే స్వరం సరిగ్గా సెకనుకి 200 కంపనాలు ఉంటే, పుంజం ఒకసారి దిగేలోపు నాలుగు అలలు పడతాయి. మళ్లీ దిగినప్పుడు ఆ నాలుగూ అక్కడే పడతాయి. కాబట్టి బొమ్మలోని అల కదలకుండా నిలబడుతుంది. స్వరం ఒక వెంట్రుకవాసి పెరిగినా తగ్గినా ఆ అల మెల్లగా పైకో కిందికో జారుతుంది. అంటే టీవీకి కూడా ఒక ఆధార శ్రుతి ఉన్నట్టే. వాయించేవాళ్లు శ్రుతి కలిపితే బొమ్మ నిలుస్తుంది, తప్పితే కళ్లెదుటే జారిపోతుంది. గమకం వేస్తే ఆ అల ఊగుతుంది. తంబురా పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి సాధకం చేసే కర్ణాటక సంగీత విద్యార్థికి ఇంతకంటే సొంతంగా అనిపించే వీడియో పరికరం మరొకటి ఉంటుందా? ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగీత విభాగంలోనో ఇంజనీరింగ్ ల్యాబులోనో ఒక పాత గాజు టీవీతో ఈ పని చేసి చూడొచ్చు. ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసినవాళ్లు పక్కనుండాలి. గాజు టీవీ లోపల, స్విచ్చి ఆపాక కూడా, ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది.

1990ల్లో స్టైనా ‘వయొలిన్ పవర్’ అనే అదే పేరుతో చేసిన పని ఇంకో మెట్టు పైది. అప్పటికి ఐదు తీగల ఎలక్ట్రిక్ వయొలిన్ వచ్చింది. ఏ తీగ మీద వేలు ఎక్కడ పడిందో అది కంప్యూటర్‌కి మిడి సందేశంగా, అంటే వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే అంకెల భాషలో, పంపుతుంది. వీడియో అంతా లేజర్‌ డిస్కు మీద, అంటే సీడీలకి పెద్దన్న లాంటి పళ్లెం మీద, ఉంటుంది. పై రెండు తీగల మీద వేలు పడిన చోటుని బట్టి డిస్కులో ఏ ఫ్రేము దగ్గరికి వెళ్లాలో తేలుతుంది. తర్వాతి రెండు తీగలు వీడియో ఎంత వేగంగా, ముందుకా వెనక్కా అన్నది నడిపిస్తాయి. అన్నిటికంటే కిందున్న మంద్ర తీగ డిస్కులో ఏ భాగం నుంచి బొమ్మలు తీసుకోవాలో చెబుతుంది. ఇక్కడ వాయించే ఒకే చెయ్యి చెవికీ కంటికీ ఒకేసారి వడ్డిస్తోంది. చూసేవాళ్లకి ఆ చెయ్యి కనిపిస్తోంది. వేలు జారింది, స్వరం జారింది, బొమ్మ కూడా జారింది అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అసలు మాట ఇదే. ఈ కళలో కొలబద్ద బొమ్మల అందం కాదు, శబ్దపు కొత్తదనం కూడా కాదు. రెండిటికీ ఒకే కారణం ఉందా, ఆ కారణం ప్రేక్షకుడికి అందుతోందా అన్నదే చూడాలి. రంగు గీతలు ఎగిరే ఎల్‌ఈడీ తెర ఇక్కడే తేలిపోతుంది. అక్కడ బొమ్మ శబ్దం వెంట పరిగెడుతుంది తప్ప దానికి తిరిగి ఏమీ ఇవ్వదు.

ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లకి బయటి సిద్ధాంతాలు అక్కర్లేదు. కచేరీలో పక్కవాద్యం ఉంది. గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ నీడలా వెంటే నడుస్తుంది. గాయకుడు ఆగినప్పుడు తన వంతు తీసుకుంటుంది. స్వరకల్పనలో జవాబు చెబుతుంది. ఒక్కోసారి పూర్తిగా ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడం కూడా వాయింపే. ప్రత్యక్ష వీడియో, అంటే వేదిక మీద అప్పటికప్పుడు పుట్టే వీడియో, నేర్చుకోవాల్సిన గుణాలన్నీ ఇవే. ఇప్పటి ప్రదర్శనల్లో బొమ్మకి నీడలా నడవడం ఒక్కటే తెలుసు. జవాబు చెప్పడం రాదు, ఊరుకోవడం అసలే రాదు. తెర ఒక నిమిషం నల్లగా ఉంటే నిర్వాహకులకి టెన్షన్ పట్టుకుంటుంది, వైరు ఊడిందేమో అని.

పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని కచేరీ మధ్యలో కూర్చోబెట్టినవాళ్లలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ముఖ్యులు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919లో అధ్యాపకులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ‘ఫిడేలు నాయుడు గారు’ అంటే చాలు, ఇక్కడి వాళ్లకి ఎవరో తెలుస్తుంది. చూపు మందగించిన ఆ మనిషి, వెంట నడిచే వాద్యానికి తనంతట తాను కచేరీ చేసే హోదా తెచ్చారు. బొమ్మ విషయంలో అలాంటి మార్పు ఇంకా రావాల్సే ఉంది.

ఇంకా వెనక్కి వెళితే తోలుబొమ్మలాట కనిపిస్తుంది. తెల్లటి పంచె తెరగా కట్టి, వెనక దీపం పెట్టి, ఆడించేవాళ్లే పాడతారు, మాట్లాడతారు, బొమ్మల్ని కదిలిస్తారు. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింద చెక్కల్ని దబదబా తొక్కుతారు. ఆ చప్పుడు రావణుడి మీద పడే దెబ్బ అవుతుంది. బొమ్మని తెరకి అదిమి పెడితే అంచులు, రంధ్రాలు, రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై మసకబారుతుంది. కెమెరావాళ్లు జూమ్, ఫోకస్ అనేవి ఆ పల్లెటూరి తెర వెనక చేతి కదలికతోనే జరిగిపోయేవి. గొంతు, చెయ్యి, కాలు ఒకే శరీరానివి కాబట్టి శబ్దానికీ బొమ్మకీ మధ్య సందు లేదు. దీన్ని ‘ప్రాచీన కళ’ అని మ్యూజియంలో పెట్టేసి, ప్రత్యక్ష వీడియోని కొత్తగా దిగుమతి అయిన వింతలా చూడ్డం సరికాదు. విశాఖ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి స్టైనా వీడియో చూసే ముందు ఒక రాత్రి తోలుబొమ్మల తెర వెనక కూర్చుంటే చాలా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి.

ఆ సందు ఇప్పుడు మాత్రం ఉంది, దానికి కారణం కంప్యూటర్. పాత పద్ధతిలో శబ్దం వైరులో నేరుగా పారేది. ఇప్పుడు శబ్దాన్ని సెకనుకి 44,100 ముక్కలుగా కొలిచి, ఆ అంకెల్ని గుంపులు గుంపులుగా లెక్కలోకి తీసుకుంటారు. 512 ముక్కల గుంపు అయితే దాదాపు 12 మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యో వంతులు) పడుతుంది. వీడియో ఇంకా బరువైనది. సెకనుకి 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కెమెరాలో ఒక ఫ్రేము, కంప్యూటర్లో ఒకటి, ప్రొజెక్టర్లో ఒకటి ఆగినా, చెయ్యి కదిలిన 120 మిల్లీసెకన్లకి గానీ తెర మీద బొమ్మ కదలదు. స్పీకర్లోంచి స్వరం ఈలోపే వచ్చేసి ఉంటుంది. మనిషి మెదడు దీన్ని ఒప్పుకోదు. దూరాన రేవులో బట్ట బండ మీద పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. కాంతి ముందు, శబ్దం వెనక అన్నది ప్రకృతిలో అలవాటైన వరస. అందుకే ప్రసార రంగంలో పాటించే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం శబ్దం బొమ్మ కంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనం పసిగడతాం. అదే వెనకపడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోం.

ఆర్కే బీచ్ లాంటి చోట ఈ లెక్కకి ఒక కొత్త మలుపు వస్తుంది. వెచ్చటి గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు వెళుతుంది. స్పీకర్‌కి 35 మీటర్ల దూరంలో ఇసుక మీద కూర్చున్నవాళ్లకి స్వరం 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. బొమ్మ కూడా దాదాపు అంతే ఆలస్యం. వాళ్లకి రెండూ కలిసిపోతాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దలకే తేడా కొడుతుంది. వేదిక అమర్చేవాళ్లు శబ్దాన్ని కావాలనే కొంచెం ఆపి వదిలితే ముందు వరసకి సర్దుబాటవుతుంది గానీ, వాయించేవాళ్లకి వాళ్ల వాద్యమే వెనకబడి వినిపిస్తుంది. అప్పుడు వాళ్లకి ఆలస్యం లేని మానిటర్ స్పీకర్ విడిగా పెట్టాలి. ఇలాంటి పనులకి ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. మిల్లర్ పకెట్ 1990ల్లో రూపొందించిన ప్యూర్ డేటా అనే ప్రోగ్రాం, శబ్దాన్నీ బొమ్మనీ అప్పటికప్పుడు నడిపించేది, ఉచితంగా దొరుకుతుంది. ఒక ల్యాప్‌టాప్, ఒక వెబ్‌క్యామ్, ఎలక్ట్రానిక్స్ కొట్లో కొద్ది డబ్బుకే దొరికే పీజో బిళ్ల ఉంటే మొదలుపెట్టొచ్చు. పీజో బిళ్లని ఏ వస్తువుకి అతికిస్తే ఆ వస్తువు కంపనాన్నే వింటుంది. చుట్టూ ఉన్న గాలి గోల దానికి దాదాపు అంటదు. సముద్రం పక్కన ఇది పెద్ద వరం.

సముద్రం సంగతే వేరు. ప్రయోగం అనగానే చాలామంది కెరటాల హోరు రికార్డు చేసుకొస్తారు. దానికి తోడు సూర్యోదయం వీడియో. విశాఖ పేరు చెప్పి చేసే పనుల్లో ఇంతకంటే అరిగిపోయిన జోడీ లేదు. పైగా కెరటాల హోరులో హెచ్చు తగ్గు స్వరాలన్నీ ఒకేసారి కలిసి ఉంటాయి. దాన్ని విడదీసి బొమ్మ నడపమంటే కంప్యూటర్‌కి పట్టుకోవడానికి ఏ స్వరమూ చిక్కదు. దానిలో నిజంగా వాడుకోదగింది నెమ్మదైన ఉబ్బూ తగ్గూ. కొన్ని సెకన్లకోసారి పెరిగి విరిగే ఆ శ్వాసని పట్టుకుంటే బొమ్మకి ఒక లయ దొరుకుతుంది.

ఊరి చప్పుళ్లని సంగీతంగా వినడం కొత్త కాదు. 1948లో పారిస్‌లో పియర్ షెఫర్ అనే రేడియో ఇంజనీరు రైలు చప్పుళ్లతోనే ఒక రచన చేసి ఫ్రెంచి రేడియోలో వినిపించాడు. విశాఖలో అలాంటి సామగ్రికి లోటు లేదు. ఓడల హారన్లు, పోర్టులో ఖనిజం మోసే కన్వేయర్ల గరగర, షిప్‌యార్డు సుత్తి దెబ్బలు, తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట. ఆ పాటగాడు అంకెల్ని ఊపిరాడకుండా అల్లుకుంటూ పోయే తీరు విన్నవాళ్లకి అది జతులు చెప్పడానికి ఎంత దగ్గరో తెలుసు. కానీ వీటిని రికార్డు చేసి గుదిగుచ్చితే శబ్దచిత్రం వస్తుంది తప్ప ప్రత్యక్ష వీడియో రాదు. కారణం కనిపించాలి కదా.

అలివి వల దీనికి చక్కగా సరిపోతుంది. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల అది. రెండు తాళ్లు, ఒక్కో తాడుకి ఓ వరస మనుషులు, హైలెస్సా అంటూ అడుగులో అడుగు వేసి లాగుతారు. ఆ తాడు కట్టిన గుంజకి ఒక పీజో బిళ్ల అతికించారనుకుందాం. తాడు బిగిసినప్పుడు గుంజ కిర్రుమంటుంది. వదులైనప్పుడు ఊరుకుంటుంది. ఆ కిర్రునే స్వరంగా వినిపించి, అదే బిగువుతో బొమ్మ వేగాన్ని నడిపితే? మనుషులు వెనక్కి వాలినప్పుడు బొమ్మ నెమ్మదిగా, తాడు జారినప్పుడు గబుక్కున. ఇక్కడ శ్రమ, శబ్దం, బొమ్మ మూడూ ఒకే తాడు మీద ఉన్నాయి. స్టైనా తీగ మీద వేలితో చేసింది ఇక్కడ పాతికమంది చేతులతో జరుగుతుంది.

అయితే ఆ పాతికమంది కళాకారుడి ముడిసరుకు కాదు. పెద్ద జాలరిపేటలోనో భీమిలిలోనో వల లాగేవాళ్లని కెమెరాతో చుట్టుముట్టి, ఆ బొమ్మల్ని నగరంలో ఏసీ హాల్లో చూపించి చప్పట్లు కొట్టించుకోవడం న్యాయం కాదు. ముందు అడగాలి, కూలి కట్టివ్వాలి, మొదటి ప్రదర్శన వాళ్ల ఒడ్డునే పెట్టాలి. వాళ్లు బాగాలేదంటే వినాలి. తాడు బిగువు గురించి ఏ ప్రోగ్రామర్ కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. పని నాణ్యత కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఉత్తరాంధ్ర జముకుని కూడా ఈ కళ్లతో చూడాలి. జముకుల కథలో వాడే ఆ వాద్యానికి ఒక వైపు చర్మం, ఆ చర్మం మధ్య నుంచి బయటికి వచ్చే ఒక తీగ. తీగని బిగించి మీటితే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. డోలూ అదే, తంత్రీ అదే. దాని స్వరం మాటలా వంగుతుంది కాబట్టి బొమ్మని వంచడానికి వయొలిన్ కంటే కూడా అనువుగా ఉండొచ్చు. జముకు కళాకారుల పక్కన ఒక వీడియో మనిషి కూర్చుని నెలల తరబడి సాధన చేయాల్సిన పని ఇది. ఒక ఫెస్టివల్ కోసం రెండు రోజుల ముందు కలిపితే మళ్లీ ఎల్‌ఈడీ తెరే మిగులుతుంది.

వేదికల విషయం క్లుప్తంగా. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా లాంటి హాళ్లలో చీకటి మన చేతిలో ఉంటుంది కాబట్టి మామూలు ప్రొజెక్టర్ చాలు. బీచ్ రోడ్డు మీద వీధి దీపాల వెలుతురుకి అదే ప్రొజెక్టర్ వెలవెలబోతుంది. కురుసుర జలాంతర్గామి మీద బొమ్మలు వేస్తే బాగుంటుందని అనిపించడం సహజం. 91 మీటర్ల పొడవున్న అంత పెద్ద వస్తువు ఒడ్డున ఇంకెక్కడుంది? కానీ దాని నల్లటి ఒళ్లు వెలుతురుని మింగేస్తుంది. ఉప్పుగాలి ప్రొజెక్టర్ల, కనెక్టర్ల ఆయుష్షు తగ్గిస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఎలాగూ ఉన్నాయి. ఇవేవీ ఈ పనికి అడ్డంకులు కావు, ముందే లెక్కలో వేసుకోవాల్సినవి.

ఇండియాలో ఇలాంటి ప్రయోగాలకి పాత చరిత్రే ఉంది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ కరెంటుతో స్వరాలు పుట్టించే ఒక మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీతపు స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయి సహా కొందరు భారతీయులు అక్కడ రచనలు చేశారు. తర్వాత ఆ టేపులు దశాబ్దాల పాటు మరుగున పడి ఉన్నాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వెతికి తీసేదాకా అలాంటి పని జరిగిందన్న సంగతే చాలామందికి తెలియదు. శబ్దమైనా టేపు మీద మిగిలింది. ప్రత్యక్ష వీడియో పరిస్థితి ఇంకా కష్టం. స్టైనా వాడిన లేజర్‌ డిస్కులు ఇప్పుడు బజార్లో లేవు, ఆమె కూడా తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాంకి మారాల్సి వచ్చింది. అయినా ఆ ప్రదర్శన ఎలా పనిచేసేదో ఇవాళ విశాఖలో కూర్చుని చెప్పగలుగుతున్నామంటే, ఏ తీగ ఏం చేస్తుందో ఆమె నాలుగైదు వాక్యాల్లో రాసి పెట్టడం వల్లే. ఆ వాక్యాలు చాలు, ప్యూర్ డేటా తెలిసినవాళ్లు మళ్లీ కట్టుకోవచ్చు. ఇక్కడ మొదలయ్యే ఏ ప్రయోగానికైనా అలాంటి కాగితం కావాలి. ఏ కంపనం ఎక్కడి నుంచి వస్తుంది, అది బొమ్మలో దేన్ని నడుపుతుంది, ఎంత ఆలస్యం పెట్టారు, బొమ్మ ఎప్పుడు ఊరుకుంటుంది. ఈ వివరాలు మామూలు తెలుగులో, మొదటి ప్రదర్శనకి ముందే రాసి, ప్రోగ్రాం ఫైలుతో పాటు దాచాలి.